మండువా ఎవరి వాటా?

తాతలు కట్టిన ఇల్లు. ఊరి నడిబొడ్డున జాగా. గజం ధర వింటే కళ్లు తిరుగుతాయి. టేకు దూలాల వంక చూస్తే మనసొప్పదు. ఉంచాలా... తీసెయ్యాలా? ఏలూరు పాత పేటల్లో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కలిసినప్పుడల్లా తేలని లెక్క ఇది.

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఆ తరంవాళ్లు ఆ రెండూ చేసి చూపించారు. కట్టిన ఇంటిని పంచి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ పరీక్ష మనవలకి మిగిలింది!

ఏలూరు పవరుపేట, రామచంద్రరావు పేట లాంటి పాత పేటల్లో ఓ సాయంత్రం నడిచి చూడండి. రెండు వైపులా అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు. కింద కార్లు, పైన బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. మధ్యలో ఎక్కడో ఒకచోట వంగి నమస్కారం పెడుతున్నట్టు కిందికి దిగిన పెంకుల చూరు. వీధి అరుగు. ఇత్తడి బొడిపెల తలుపులు. అవి తీసి ఉంటే సావిడి దాటి ఇంటి నడుమ పడుతున్న ఎండ కనిపిస్తుంది. చుట్టూ గదులు, మధ్యలో ఆకాశం. అదే మండువా లోగిలి.

స్టేషనుకి దగ్గర, బజారుకి దగ్గర, బడికి దగ్గర, ఆసుపత్రికి దగ్గర. అందుకే ఈ పేటల్లో జాగా దొరకడం కష్టం. అందుకే ఆ ఇంటిముందు ఆగినవాళ్లలో ఎక్కువమంది 'ఎన్నాళ్ల కిందట కట్టారండీ?' అని అడగరు. 'ఎన్ని గజాలండీ?' అని అడుగుతారు.

కాలువ వెంట వచ్చిన ఇళ్లు

ఇంతకీ ఈ ఇళ్లు ఇక్కడెందుకు లేచాయి? నీళ్లవల్ల. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో వచ్చింది. గోదావరి నుంచి ఓ కాలువ, కృష్ణ నుంచి ఓ కాలువ బయలుదేరి ఏలూరులో కలుసుకున్నాయి. రెండు నదుల నీళ్లు కలిసే ఊరంటే రెండు డెల్టాల పడవలూ ఆగే ఊరు. ధాన్యం ఎగుమతికి, కలప దిగుమతికి అదే దారి. 1866లో పురపాలక సంఘం ఏర్పడింది. 1890ల్లో రైలు వచ్చింది. 1925లో కృష్ణా జిల్లా నుంచి పశ్చిమ గోదావరిని వేరుచేసి ఏలూరుని కేంద్రం చేశారు. కోర్టులు, కచేరీలు, వాటి వెనకాలే ప్లీడర్లు, గుమాస్తాలు, బియ్యం వర్తకులు. చుట్టుపక్కల పల్లెల్లో పొలాలున్న రైతులు కూడా పిల్లల చదువులకని పట్నంలో ఇల్లు కట్టడం మొదలెట్టారు. 1945లో సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల వచ్చాక ఆ అవసరం ఇంకా పెరిగింది.

పల్లెలో ఉన్న లోగిలినే పట్నంలోనూ కట్టుకున్నారు. గొడ్లసావిడి మాత్రం తగ్గింది, ప్లీడరుగారి ఆఫీసు గది పెరిగింది. కక్షిదారులు తెల్లారకముందే వచ్చి వీధి అరుగు మీద కూర్చునేవారు. రంగూన్ టేకు ఓడల్లో వచ్చి, పడవల్లో కాలువెక్కి ఈ ఊళ్లకు చేరింది. పైకప్పుకి మొదట్లో గూన పెంకులు. తర్వాత్తర్వాత మరలో చేసిన సాపు పెంకులు. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్‌వాళ్లు పెట్టిన కార్ఖానాతో మొదలైన ఆ పెంకు దేశమంతా పాకింది. మనవాళ్లలో చాలామంది దాన్ని బెంగుళూరు పెంకు అనే పిలుచుకున్నారు! గోడలకు గానుగ సున్నం. ఎద్దు గానుగ చుట్టూ తిరుగుతుంటే ఇసుకా సున్నం నలిగేవి. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. ఆ గోడలో మేకు దిగాలంటే ఇప్పటికీ చెయ్యి నొప్పెట్టాల్సిందే.

ఇంటికి అరుగులు అంత ఎత్తుగా ఎందుకంటే... ఇది కొల్లేటికి ఎగువనున్న ఊరు. తమ్మిలేరు ఈ ఊరి పక్కనుంచే కొల్లేట్లోకి దిగుతుంది. ఎగువన కొండల్లో వాన పడితే ఏరు ఒక్క రాత్రిలో పొంగుతుంది. కొల్లేటి లంకల్లో ఊరికి ఊరే మట్టిదిబ్బ మీద కట్టుకుంటే, ఏలూరులో ఇంటికి ఇల్లు ఎత్తు చేసుకుంది. రెండిట్లోనూ భయం ఒకటే, నీళ్ల భయం.

ఆకాశానికి ఓ గది

మండువా కేవలం అందం కోసం పెట్టింది కాదు. అదొక యంత్రం. కరెంటు లేని యంత్రం.

పగలు ఎండకి వేడెక్కిన గాలి తేలికై పైకి లేచి మండువాలోంచి బయటికి పోతుంది. ఆ ఖాళీలోకి చుట్టూ నీడపట్టున ఉన్న వసారాల్లోంచి, వెనక పెరట్లోంచి చల్లగాలి వస్తుంది. మూరెడు మందం గోడలు మధ్యాహ్నం వేడిని వెంటనే లోపలికి పంపవు. అది లోపలికొచ్చేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి జనం మంచాలు తీసుకుని మండువాలోకో పెరట్లోకో చేరతారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండల్లో కూడా ఆ ఇళ్లలో నాలుగ్గంటల దాకా పడుకోగలిగేవారంటే కారణం అదే.

వానొస్తే నాలుగు వైపుల చూరులూ లోపలికే వాలి ఉంటాయి. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్ల నీళ్లు! చూరుకింద పెట్టిన గంగాళాలు నిండి, మిగిలింది మండువా తూములోంచి పెరటి మొక్కలకు పోయేది. ఇప్పుడు ఇంకుడు గుంత తవ్వమని ఊరూరా చెప్పుకుంటున్నాం. ఆ ఇళ్లు కట్టిన తాపీమేస్త్రి ఆ పేరు వినకుండానే వాననీటికి దారి చూపించాడు.

ఇక మనుషుల సంగతి. ఏ గదిలోంచి ఏ గదికి వెళ్లాలన్నా మండువా చుట్టూ తిరగాల్సిందే. అలిగిన అల్లుడైనా, పరీక్ష తప్పిన కుర్రాడైనా నలుగురి కంట పడకుండా ఉండలేడు. ఒడియాలు ఎండేది అక్కడే. పిల్లలు కాగితం పడవలు వేసేది అక్కడే. పెళ్లికూతుర్ని చేసేది అక్కడే. చివరికి ఇంటి పెద్దని పడుకోబెట్టేదీ అక్కడే. అందరిదీ కాబట్టే ఆ జాగా ఏ ఒక్కరిదీ కాదు.

అలాగని అంతా బంగారం కాదు

పాత ఇల్లంటే కళ్లు చెమర్చుకునేవాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది కూడా గోడల్లోనే రాసి ఉంది. వీధి అరుగు దాటి లోపలికి రానివ్వని మనుషులు ఉండేవారు. దొడ్డి సందులోంచే వచ్చి దొడ్డి సందులోంచే వెళ్లాల్సినవాళ్లు ఉండేవారు. కట్టెల పొయ్యి ముందు పొగలో కళ్లు పాడుచేసుకున్న ఆడవాళ్లకు మండువా గాలి తగిలింది తక్కువే. మూలగదిలో జీవితం గడిపేసిన వితంతువులకు ఆ ఇంట్లో తిండి ఉండేది, మాట ఉండేది కాదు. ఆడపిల్లలు పుట్టింటి గడప దాటాక ఇంటి లెక్కలోంచి కూడా దాటిపోయేవారు.

కాబట్టి ఆ ఇల్లు నిలబెట్టడమంటే ఆ రోజుల్ని అలాగే నిలబెట్టడం కాదు. గోడలు ఉంచి, గోడల్లోని అన్యాయం తీసెయ్యాలి. వంటింటికి పెద్ద కిటికీ పెట్టినవాళ్లు, దొడ్డి సందు తలుపు మూసేసి పనిమనిషిని వీధి గుమ్మంలోంచే రమ్మన్నవాళ్లు, ఇంటిని బాగుచేయడంలో సగం పని చేసేసినట్టే. మిగతా సగం మేస్త్రి చేతిలో ఉంది.

బాగుచేయబోయి పాడుచేస్తే...

ఆ మేస్త్రి దగ్గరే మొదటి ప్రమాదం. పాత గోడ పెచ్చులూడిందనగానే 'సిమెంటు కొట్టేద్దామండీ, వందేళ్లుంటది' అంటాడు. వింటే బాగుంటుంది. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి అసలు సంగతి తెలుస్తుంది. సున్నపు గోడ ఊపిరి పీల్చుకునే గోడ. నేలలోంచి పైకి ఎక్కిన చెమ్మని మెల్లగా గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు వేస్తే చెమ్మ బయటికి పోలేక లోపలే నిలుస్తుంది. ఉప్పు పొంగి రంగు ఊడుతుంది. దూలం కొస గోడలో ఎక్కడ కూర్చుందో అక్కడ చివికిపోతుంది. ఇటుక మెత్తబడుతుంది. సున్నానికి సున్నమే మందు. గానుగ లేకపోయినా సున్నం, ఇసుక కలిపి చేసే మేస్త్రీలు వెతికితే దొరుకుతారు.

రెండోది మండువాకి మూత. దొంగల భయం, కోతుల బెడద, దోమలు... అన్నీ నిజమే. అందుకని రేకు పరిచేసి బిగించేస్తే ఇంటి ముక్కు మూసేసినట్టే. ఇనుప ఊచల చట్రం, దానికింద దోమల జాలీ వేసుకోవచ్చు. వాన జల్లు కూడా వద్దనుకుంటే అద్దమో పారదర్శకం షీటో కప్పు కంటే రెండు అడుగులు పైకి లేపి, చుట్టూ తెరిచి ఉంచితే వేడిగాలి పోవడానికి దారి ఉంటుంది. వెలుగూ ఉంటుంది, గాలీ ఉంటుంది.

మూడోది స్నానాలగది. ఇంట్లో పెద్దవాళ్లుంటే అర్ధరాత్రి పెరట్లోకి నడవలేరు. గదికి ఆనుకునే కావాలి. తప్పులేదు. కాకపోతే పాత గది మధ్యలో గోడ లేపి పైపులు తొలిచే బదులు, ఇంటికి వెనకవైపు బయటినుంచి కొత్తగా కట్టి తలుపు ఒక్కటి లోపలికి తెరిస్తే పాత గోడకు తడి తగలదు. కరెంటు తీగలు కూడా అంతే. గోడ చెక్కకుండా గొట్టాల్లో పైనే నడిపితే రేపు మార్చుకోవడం కూడా తేలిక. ఏసీ కావాలంటే ఒక్క గదికి కింది కప్పు వేయించుకుంటే చాలు. పెంకుల సందుల్లోంచి చల్లదనం పోకుండా ఉంటుంది.

నాలుగోది అసలు ఇంటివాళ్ల చేతిలో లేనిది. రోడ్డు! వేసినప్పుడల్లా పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేస్తారు. ఏటికేడాది వీధి లేస్తుంది, ఇల్లు దిగుతుంది. ఒకప్పుడు అయిదు మెట్లెక్కి వెళ్లే అరుగు కొన్నిచోట్ల ఇప్పుడు రెండు మెట్లకు వచ్చింది. వరదకు భయపడి ఎత్తుగా కట్టిన ఇంట్లోకి వీధి కాలవ నీళ్లు వస్తున్నాయి. తూముకి తలుపు పెట్టించడం, పెరట్లో నీళ్లు ఇంకే చోటు ఉంచడం తప్ప వేరే దారి లేదు.

ఇవన్నీ డబ్బుతో, ఓపికతో అయ్యే పనులు. వానాకాలం ముందు పెంకులు సర్దించడం, నాలుగు చూరులు కలిసే మూలల్లో రేకు మార్పించడం, చెదలు చూసుకోవడం... ఏడాదికోసారి చేస్తే ఇల్లు ఇంకో తరం నిలుస్తుంది. కానీ ఏలూరులో గానీ, ఇంకెక్కడ గానీ ఇలాంటి ఇళ్లు చాలావరకు చెదపురుగులవల్ల పోవడం లేదు. పంపకాలవల్ల పోతున్నాయి.

ఇరవై సెంట్లు... అయిదు వాటాలు

పేరు లేకుండా ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇలాంటి ఇల్లున్న ఏ కుటుంబాన్ని కదిపినా కాస్త అటూ ఇటూగా ఇదే కథ.

ఇరవై సెంట్ల జాగా. అంటే 968 గజాలు. ముందు పన్నెండు సెంట్లలో మండువా ఇల్లు. వెనక ఎనిమిది సెంట్లు పెరడు. నుయ్యి, రెండు కొబ్బరిచెట్లు, ఓ మామిడిచెట్టు. తండ్రి వీలునామా రాయకుండా వెళ్లిపోయాడు. సంతానం అయిదుగురు. పెద్దాయన బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు, భార్యతో ఆ ఇంట్లోనే ఉంటాడు. పెద్ద చెల్లెలు తాడేపల్లిగూడెంలో. రెండో తమ్ముడు హైదరాబాదులో. రెండో చెల్లెలు కైకలూరు పక్కన కొల్లేటి ఊళ్లో. చివరివాడు అమెరికాలో.

సంక్రాంతికి అందరూ కలిశారు. భోజనాలయ్యాయి. హైదరాబాదు తమ్ముడే మొదలెట్టాడు.

"అన్నయ్యా, బిల్డరు ఫిఫ్టీ ఫిఫ్టీ అంటున్నాడు. తలా ఒక ఫ్లాటు, పైన కొంత రొక్కం. మళ్లీ ఇలాంటి బేరం రాదు."

"నాన్న పోయింది ఈ మండువాలోరా" అన్నాడు పెద్దాయన.

"నాన్న బతికింది కూడా ఇక్కడే అన్నయ్యా. కానీ ఆ పెంకులు సర్దించడానికి ఏటా నువ్వే నిచ్చెనెక్కిస్తున్నావు. రేపు నీ తర్వాత ఎవరెక్కిస్తారు?"

అమెరికా తమ్ముడు ఫోన్ తెరమీదనుంచి, "అమ్మొద్దు, అమ్మొద్దు. నేను డబ్బులు పంపిస్తాను, బాగుచేయించండి" అన్నాడు. చూడ్డానికి రెండేళ్లకోసారి వచ్చేవాడికి ఇల్లు మీద ప్రేమ ఎక్కువ. అది తప్పు కాదు. కానీ ఆ ప్రేమకి రోజూ చీపురు పట్టేది పెద్ద వదిన.

చెల్లెళ్లిద్దరూ మాట్లాడలేదు. మాట్లాడరని అందరికీ తెలుసు. పెద్దాయన లెక్కలో వాళ్లు సంతకం పెట్టేస్తారు. పండక్కి చీరె పెడితే, పసుపు కుంకుమ ఇస్తే, 'పుట్టిల్లు చల్లగా ఉంటే చాలు అన్నయ్యా' అనేస్తారు. అమ్మలూ అత్తలూ అలాగే చేశారు.

ఇక్కడే ఆ ఇంటి అసలు పరీక్ష ఉంది.

సంతకం వెనక ఒక ఇల్లు

కొల్లేటి ఊళ్లో ఉన్న చెల్లెలి సంగతి ఒకసారి చూడండి. 1980లనుంచి కొల్లేట్లో చేపల చెరువులు పెరిగాయి. వరి కంటే చేప లాభమనిపించింది. ఆమె భర్త కూడా లీజుకు తీసుకుని చెరువు పట్టాడు. 1999లో అయిదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరుకి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో హద్దు లోపలి చెరువుల గట్లు తెంచేశారు. సరస్సు బతకాలంటే అది కావాల్సిన పనే కావచ్చు. అప్పు తెచ్చి చెరువు పట్టినవాడికి మాత్రం గట్టుతోపాటు బతుకు కూడా తెగింది. అప్పటినుంచీ వాళ్లది వడ్డీలు కట్టే సంసారమే. ఆమె పుట్టింటికొచ్చి మండువాలో కూర్చుని నవ్వుతుంది. ఇంటికెళ్లి కాయితాలు లెక్కపెట్టుకుంటుంది.

తాడేపల్లిగూడెం చెల్లెలిది వేరే సంగతి. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి రన్‌వే ఉన్న ఆ ఊరు, రైలూ మార్కెట్టూ ఉన్న ఊరుగా పెరిగి, 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ రావడంతో ఇంకాస్త ఎదిగింది. అద్దెకు రెండు గదులు వేసుకుంటే బతుకుతెరువు అవుతుందని ఆమె ఆశ. పుట్టింటి వాటా వస్తే వేసుకోగలదు. అడగడానికి మొహమాటం.

చట్టం ఏమంటుంది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటుండేది. కుటుంబం కాపురముంటున్న ఇంటిని పంచమని ఆడపిల్ల అడగడానికి వీల్లేదు, మగవాళ్లు పంచుకోదలిస్తేనే ఆమెకూ వాటా అనేది దాని సారం. అంటే మండువా మగవాళ్ల దయ! తెలుగునాట కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చిన రాష్ట్ర సవరణ 1986లో చట్టమై, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. 2005లో పార్లమెంటు ఆ 23వ సెక్షన్‌ను తీసేసింది, కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తీర్చేసింది. ఉండనక్కర్లేదంది.

కాబట్టి చీరె పెట్టి సంతకం తీసుకోవడం ఆచారం కావచ్చు. న్యాయం మాత్రం కాదు. చెల్లెలి వాటా మింగి నిలబెట్టిన దూలానికి పాత ఇల్లు అనే పేరుంటుంది గానీ పుట్టిల్లు అనే పేరుండదు.

మరోవైపు పెద్దాయన సంగతీ చూడాలి. పాతికేళ్లుగా పన్ను కట్టింది, పెంకులు మార్పించింది, తల్లికి చివరి రోజుల్లో సేవ చేసింది ఆ దంపతులే. 'నీకేం, ఊరి నడిబొడ్డున అద్దె లేకుండా ఉన్నావు' అని ఓ తమ్ముడు ఎప్పుడైనా నవ్వుతూ అన్న మాట వదిన మర్చిపోలేదు. ఉన్నవాడు ఇంటిని కాశాడా, ఇల్లు ఉన్నవాణ్ని కాచిందా? రెండూ నిజమే. పంపకాల్లో ఈ రెండిటికీ లెక్క ఉండాలి.

టేపు పెట్టి కొలిస్తే...

లెక్క మొండిగా వేస్తే ఒక్కొక్కరికి 193.6 గజాలు. సర్వేయరు టేపు పట్టుకుని ముందునుంచి వెనక్కి అయిదు పట్టీలు గీస్తే ఒక పట్టీలోకి సావిడి సగం వస్తుంది. ఒక పట్టీలోకి వంటిల్లు వస్తుంది. మండువా మాత్రం మూడు ముక్కలవుతుంది. ఒక గోడ లేచిందా, గాలి ఆగిపోయింది. రెండు గోడలు లేచాయా, అది వెలుగురాని ఓ సందు. గదులు పంచొచ్చు, గిన్నెలు పంచొచ్చు, తూకం వేసి బంగారం పంచొచ్చు. ఆకాశాన్ని పంచడం కుదరదు.

కోర్టుకెళితే? 1893 నాటి పార్టిషన్ చట్టం ఉంది. పంచడం సాధ్యంకాని ఆస్తి అయితే అమ్మి డబ్బులు పంచమని కోర్టు చెప్పొచ్చు. అలా అమ్మమని ఒకరు అడిగినప్పుడు ఆ వాటాని విలువ కట్టించి తామే కొనుక్కుంటామని మిగతావాళ్లు అడగొచ్చు. వారసత్వ చట్టంలోని 22వ సెక్షన్ కూడా తోబుట్టువు తన వాటా అమ్మదలిస్తే ముందుగా కొనుక్కునే హక్కు మిగతా వారసులకు ఇస్తుంది. దారులున్నాయి. కానీ కోర్టు మెట్లెక్కిన ఇంట్లో తీర్పు వచ్చేసరికి పెంకులు కూలిపోతాయి. మాటలు అంతకంటే ముందే పోతాయి.

వేరే ఊళ్లవాళ్లు ఏం చేశారు? చెట్టినాడులో కారైక్కుడి చుట్టుపక్కల పెద్ద పెద్ద లోగిళ్లు కొన్ని హోటళ్లయ్యాయి. ఇంకెన్నో విప్పేసి స్తంభాలు, తలుపులు పాతసామాన్ల బజారులో అమ్మేశారు. మొరాకోలోని ఫెజ్ నగరంలో మన మండువాకి దూరపు చుట్టం అనదగ్గ 'రియాద్' ఇళ్లుంటాయి. ఆ పాత పట్నాన్ని 1981లో యునెస్కో గుర్తించాక అక్కడ చాలా ఇళ్లు అతిథిగృహాలయ్యాయి. జపాన్‌లోని క్యోటోలో 'మచియా' అనే పాత చెక్క ఇళ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి, మిగిలినవాటిలో కొన్ని కాఫీ దుకాణాలయ్యాయి. ఏలూరుకి అంత పర్యాటకులు రారు. ఇక్కడి ఇంటిని కాపాడాల్సింది టూరిస్టు కాదు, తోబుట్టువులే.

వెనక ఎనిమిది సెంట్లు

మనం ఊహించుకున్న ఇంట్లో దారి చూపించింది తాడేపల్లిగూడెం చెల్లెలు. కాగితం మీద గీసింది.

"అన్నయ్యా, ఇల్లు పన్నెండు సెంట్లు. అంటే మూడు వాటాలు. పెరడు ఎనిమిది సెంట్లు. అంటే రెండు వాటాలు. సరిగ్గా లెక్క కుదిరింది చూడు. పెరడు మా ఇద్దరిదీ, ఇల్లు మీ ముగ్గురిదీ."

"వెనక జాగాకి రోడ్డు లేదు కదమ్మా. ముందు గజం ధర వెనక పలకదు."

"అందుకే పక్కనుంచి దారి వదలండి. అప్పటికీ తగ్గిన ధర ఎంతో లెక్కకట్టి ఆ తేడా మీరు ముగ్గురూ సర్దండి. మేం దానం అడగడం లేదు, దానం చెయ్యడమూ లేదు."

ఆ మాటకి మండువాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దవదిన లేచి, "అమ్మాయి చెప్పింది న్యాయం" అంది. పాతికేళ్లుగా ఆ ఇల్లు ఊడ్చిన మనిషి మాట.

హైదరాబాదు తమ్ముడికి రొక్కం కావాలి. అతని వాటాకి విలువ కట్టారు. అమెరికా తమ్ముడు సగం, పెద్దాయన కొడుకు సగం, మూడేళ్ల వాయిదాల్లో ఇచ్చేట్టు కాగితం రాసుకున్నారు. పెద్దాయన చేయించిన మరమ్మతులకు కొంత మినహాయించారు. అన్నీ నోటిమాటగా వదలకుండా రిజిస్టరు చేయించాలనుకున్నారు. మామిడిచెట్టు పోతుంది. నుయ్యి పోతుంది. పెరటివైపు నుంచి వచ్చే గాలి కొంత తగ్గుతుంది. దారి కోసం పడమటిల్లు గోడ ఆరడుగులు లోపలికి జరుగుతుంది. ఏమీ పోకుండా ఏదీ దక్కదు.

అన్ని ఇళ్లలో లెక్క ఇంత చక్కగా కుదరదు. పెరడు లేని ఇళ్లున్నాయి. కొనే స్తోమతు ఎవరికీ లేని కుటుంబాలున్నాయి. అక్కడ అమ్మేయడమే న్యాయం కావచ్చు. అప్పుడు కూడా గొడవపడి కూల్చడం వేరు, అందరూ ఒప్పుకుని చివరి సంక్రాంతి ఆ ఇంట్లో చేసుకుని తాళం అప్పజెప్పడం వేరు.

ఇలాంటి ఇల్లున్నవాళ్లు ఒక్క పని మాత్రం వాయిదా వెయ్యకూడదు. పెద్దవాళ్లు బతికి ఉండగా, కూతుళ్లనీ అల్లుళ్లనీ కూడా కూర్చోబెట్టుకుని ఎవరికి ఇల్లు కావాలో, ఎవరికి డబ్బు కావాలో నోరు తెరిచి అడగాలి. అడిగినదాన్ని కాగితం మీద పెట్టాలి. వీలునామా రాయడం అపశకునం కాదు. రాయకపోవడమే ఇంటికి పట్టే చెద.

కొల్లేటి చెల్లెలు అప్పు తీర్చాక మొదటిసారి పుట్టింటికి వచ్చింది. గడపలో కాళ్లు కడుక్కుంటుంటే వదిన అడిగింది, "ఏమ్మా, ఇంట్లో నీ వాటా లేదు కదా, కొత్తగా ఉందా?"

"లేదొదినా. ఇన్నాళ్లూ ఈ ఇంటికొస్తే ఏదో అడగలేక వెళ్లిపోతున్నట్టు ఉండేది. ఇప్పుడు ఉట్టి చేతులతో వచ్చి ఉట్టి చేతులతో వెళ్తాను. నాలుగు రోజులుంటాను."

వదిన మండువాలో పీట వాల్చింది. ఊచల చట్రం నీడ గచ్చు మీద గళ్లు గళ్లుగా పడుతోంది. పైన రెండడుగుల ఖాళీలోంచి గాలి ఎప్పట్లాగే తిరుగుతోంది.